చర్మం మీది నొప్పికి మందు దొరికిన కథ



మనలో చాలామందికి పసితనంలోనే చెవులు కుట్టించారు. ఆ సంగతి మనకు గుర్తుండదు గాని, మన పిల్లలకు కుట్టించిన రోజు మాత్రం బాగా గుర్తుంటుంది. కంసాలి వచ్చి పీట మీద కూచుంటాడు. మేనమామ ఒళ్ళో పిల్ల. నోట్లో ఒక బెల్లంముక్క. ఆ తీపి చప్పరిస్తూ ఉండగానే తీగ గుచ్చెయ్యాలి. అంతకు మించి మందూ లేదు, మత్తూ లేదు. పిల్ల కెవ్వుమంటే, "ఆడపిల్లవి, ఈ మాత్రం ఓర్చుకోకపోతే ఎలాగే!" అనేవాళ్ళు పెద్దవాళ్ళు. ఆ మాట మా అమ్మాయితో నేనూ అన్నాను. దాచుకోవడం ఎందుకు?

ఈ మధ్య ఆ మాటే మళ్ళీ నా చెవిన పడింది. మా పక్కవాటా వాళ్ళ అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. మొటిమలు తగ్గాయి గాని బుగ్గలనిండా గుంటలు మిగిలాయి. లేజరుతో చర్మం పైపొర తీసేస్తే కొత్త చర్మం వచ్చి చదునవుతుందని డాక్టరు చెప్పారట. "నొప్పి ఉంటుందా పిన్నీ?" అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే వాళ్ళమ్మ, "అందం కావాలంటే నొప్పి పడాలి మరి" అనేసింది. పిల్ల కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లిగా, "మొద్దుబార్చే క్రీము ఉంటుందట. షాపులో కొనుక్కుని ఇంట్లోనే ముఖమంతా దట్టంగా పట్టించుకుని వెళితే సరిపోతుందేమో" అంది.

నేను డాక్టర్ని కాను. పదో తరగతితో చదువు ఆపినదాన్ని. కాని ఆ పిల్ల ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఈ క్రీము ఎక్కణ్ణించి వచ్చింది? దీనికి ముందు ఏముండేది? తెలిసినవాళ్ళని అడిగి, దొరికినవి చదివి తెలుసుకున్నదే ఈవేళ మీతో చెప్పుకుంటున్నాను.

ముందు ఒక చిన్న సంగతి. గంటసేపు గిన్నెలు తోమినా మన చేతులు నానతాయే గాని, ఆ నీళ్ళు రక్తంలోకి పోవు. చర్మం పైపొర గడియ పెట్టిన తలుపు లాంటిది. బయటివి లోపలికి రానివ్వదు, లోపలివి బయటికి పోనివ్వదు. అదే మనల్ని కాపాడేది. అయితే నొప్పి తెలిసే నరాలు ఆ తలుపుకు లోపలివైపున ఉన్నాయి. మందు పైన రాస్తే వాటికి అందదు. అందువల్ల, చూడ్డానికి అన్నిటికంటే పైన ఉన్న చర్మాన్ని పైనుంచి మొద్దుబార్చడం వైద్యులకు అన్నిటికంటే ఆలస్యంగా చేతనయింది.

మొదట దొరికిన ఉపాయం చలి. నెపోలియన్ సైన్యంలో లారే అని ఒక పెద్ద వైద్యుడుండేవాడు. 1807లో ఐలా యుద్ధంలో గడ్డకట్టే చలిలో సైనికులకు కాళ్ళూ చేతులూ కోస్తుంటే వాళ్ళు ఎప్పటిలా అరవడం లేదని ఆయన గమనించాడు. తరవాత ఇంగ్లండులో జేమ్స్ ఆర్నాట్ అనే ఆయన మంచుముక్కల్లో ఉప్పు కలిపి, ఆ మిశ్రమాన్ని కోయవలసిన చోట పెట్టి మొద్దుబార్చేవాడు. వెనకటి రోజుల్లో ఇంట్లో ఐస్‌క్రీము చేసినవాళ్ళకి ఇది కొత్త కాదు. మంచులో ఉప్పు వేస్తేనే గదా పాలు గడ్డకట్టేది! ఈ ఉపాయం చవక, ప్రాణభయం లేనిది. కాని 1846లో అమెరికాలోని బోస్టనులో ఈథరు, 1847లో ఎడింబరోలో క్లోరోఫారం వచ్చేసరికి అందరి చూపూ అటు తిరిగింది. మనిషినే నిద్రపుచ్చగలిగినప్పుడు చర్మం ముక్కను మొద్దుబార్చడం ఎవరికి కావాలి?

ఇక్కడ ఒక పిల్ల సంగతి చెప్పాలి. ఇంగ్లండులో న్యూకాజిల్ పట్టణం దగ్గర హన్నా గ్రీనర్ అని పదిహేనేళ్ళ పిల్ల ఉండేది. కాలి బొటనవేలి గోరు లోపలికి పెరిగి బాధపెడుతోంది. ఆ గోరు తీయడానికి 1848 జనవరి 28న ఆ పిల్లకు క్లోరోఫారం వాసన చూపించారు. కొద్ది నిమిషాల్లో ప్రాణం పోయింది. క్లోరోఫారం వాడకం మొదలై మూడు నెలలయినా కాలేదు. అప్పటికే పెద్ద పెద్ద ఆపరేషన్లు దానితో జరిగిపోతున్నాయి. మొదటగా లోకానికి తెలిసిన చావు మాత్రం గోరు తీయడంలో వచ్చింది. చిన్న పనే కదా అనుకున్నచోట. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

క్లోరోఫారం ఎందుకు చంపుతుంది, గుండె ఆగి చంపుతుందా, ఊపిరి ఆగి చంపుతుందా అన్న వాదం నలభై ఏళ్ళు సాగింది. అది తేల్చుకోవడానికి ఎక్కడికి వచ్చారనుకున్నారు? మన హైదరాబాదుకే! ఇక్కడి మెడికల్ స్కూలుకు పెద్దగా ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడుండేవాడు. మత్తిచ్చేవాడు నాడి కాదు, ఊపిరి చూసుకోవాలి అన్నది ఆయన పట్టుదల. నిజాం ప్రభువు డబ్బిస్తే 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి పరీక్షలు జరిపారు. రెండోసారికి లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుణ్ణి రప్పించారు. పాపం, కుక్కలూ కోతులూ మేకలూ వందలకొద్దీ వాటికి బలయ్యాయి. హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ అని వైద్యచరిత్ర పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. లారీ చెప్పినదే పూర్తిగా నిజమని తేలలేదు. మత్తు పైపైన ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఆగిపోవచ్చని 1911లో లండనులో లెవీ అనే ఆయన చూపించాడు. అయినా మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీదనుంచి కళ్ళు తిప్పకూడదన్న లారీ మాట మాత్రం నిలిచింది.

ఆ రోజుల్లో ఆ స్కూల్లో ఆడపిల్లలు కూడా చదివారు. వాళ్ళలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ అమ్మాయి చదువయ్యాక ఇక్కడి ఆసుపత్రుల్లో క్లోరోఫారం ఇచ్చే పని చేపట్టింది. 1909లో ఎడింబరో వెళ్ళి మరింత చదివి తిరిగి హైదరాబాదే వచ్చింది. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరు ఆవిడే అంటారు. ఘోషా వెనక ఉండిపోయిన ఆడవాళ్ళకు నొప్పి తెలియకుండా చూసుకోవడానికి ఒక ఆడమనిషి చెయ్యి దొరికిందంటే, అది ఎంత ధైర్యమో ఆలోచించండి. కోఠీ వైపు వెళ్ళినప్పుడల్లా నాకు ఆవిడ గుర్తొస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఆవిడ పేరు నేనెక్కడా చదవలేదు.

సరే, మళ్ళీ చర్మం దగ్గరికి వద్దాం. గోరు తీయడానికి మనిషినంతా మత్తులో ముంచడం ఎందుకు, ఆ చోటుకే మత్తిస్తే పోదా అన్న ఆలోచనకు దారి దొరికింది 1884లో, ఆస్ట్రియా రాజధాని వియన్నాలో. కార్ల్ కోలర్ అని ఇరవై ఆరేళ్ళ కుర్ర వైద్యుడు కొకెయిన్ నీళ్ళలో కలిపి కప్ప కంట్లో ఒక చుక్క వేశాడు. కాసేపటికి కంటిగుడ్డును ముట్టుకున్నా కప్ప కదల్లేదు. కుందేలు మీదా, కుక్క మీదా చూశాడు. ఆఖరికి తనూ తన స్నేహితుడూ కళ్ళల్లో వేసుకుని, గుండుసూది తలతో కంటిగుడ్డును తాకి చూసుకున్నారు. ఏమీ తెలియలేదు! జర్మనీలో జరిగే వైద్యుల సభకు పోయి ఈ సంగతి చెప్పడానికి అతని దగ్గర రైలు ఖర్చులకు డబ్బుల్లేవు. వేరొకరు వెళ్ళి ఆయన కాగితం చదివి వినిపించారు. కొద్ది వారాల్లో ప్రపంచమంతా పాకిపోయింది.

కన్ను, నోరు, ముక్కు లోపల తడిగా ఉండే పొర మెత్తనిది, మందును పీల్చుకుంటుంది. పొడి చర్మం పీల్చుకోదు. కాబట్టి చర్మానికి సూదే గతి అయింది. 1892లో బెర్లినులో ష్లైక్ అనే ఆయన కొకెయిన్‌ను బాగా పలచన చేసి, కోయబోయే చోట చర్మంలోకే సూదితో ఎక్కించవచ్చని చూపాడు. కాని కొకెయిన్ పాడు మందు. అలవాటు పడిన వైద్యులే నాశనమైపోయారు. 1905లో దానికి బదులు ప్రొకెయిన్ వచ్చింది. నోవోకెయిన్ అన్న పేరుతో అమ్మారు. పళ్ళ డాక్టర్లు దాన్ని దశాబ్దాలపాటు వాడారు. దానికి తోడు కాస్త ఎడ్రినలిన్ కలిపితే రక్తనాళాలు ముడుచుకుని, మందు ఆ చోటనే ఎక్కువసేపు నిలుస్తుందని బ్రౌన్ అనే జర్మన్ వైద్యుడు కనిపెట్టాడు.

ముఖం మీది మచ్చల కథ ఇక్కడ కలుస్తుంది. మా అమ్మమ్మ ముఖాన స్ఫోటకపు మచ్చలుండేవి. ఆ కాలంలో ఎవరికి లేవు గనక! అమ్మవారు చల్లగా చూసి ప్రాణం మిగిల్చింది, చాలనుకున్నారు. అదే 1905లో జర్మనీలో క్రోమయర్ అనే చర్మవైద్యుడు పళ్ళు అరగదీసే యంత్రం లాంటిదానితో మచ్చల చర్మాన్ని అరగదీయడం మొదలుపెట్టాడు. అరగదీసే ముందు చర్మాన్ని చల్లటి పదార్థంతో గట్టిగా గడ్డకట్టించేవాడు. 1953లో న్యూయార్కులో కర్టిన్ అనే ఆయన గిరగిర తిరిగే తీగల బ్రష్షుతో అదే పని చేశాడు. ఆయన చర్మాన్ని మొద్దుబార్చడానికి చల్లినది ఇథైల్ క్లోరైడ్. ఆటల్లో దెబ్బతగిలిన ఆటగాడి కాలి మీద చల్లగా పిచికారీ చేస్తారే, ఆ తరహాది. అంటే వంద సంవత్సరాలు గడిచినా ఆర్నాట్ మంచూ ఉప్పూ దగ్గరే ఉన్నాం! నన్నడిగితే అందులో తప్పేమీ లేదు. వంటింట్లో చెయ్యి కాలినప్పుడు మనం చల్లటి కుళాయి నీళ్ళ కింద పెట్టడం లేదూ?

ఇప్పుడు అసలు మందు. పన్ను నొప్పికి లవంగం కొరికితే నాలుక తిమ్మిరెక్కడం మనకందరికీ తెలుసు. 1935 ప్రాంతంలో స్వీడనులో ఎర్ట్‌మన్ అనే రసాయనశాస్త్రవేత్త బార్లీ మొక్కలో ఉండే ఒక పదార్థం మీద పనిచేస్తూ, దానికి దగ్గరి చుట్టమైన ఇంకో పదార్థం తయారుచేశాడు. రుచి చూశాడు. నాలుక మొద్దుబారింది! ఆ తీగె పట్టుకుని లోఫ్‌గ్రెన్ అనే ఆయన ఏళ్ళ తరబడి రకరకాలు తయారుచేస్తే, లుండ్‌క్విస్ట్ అనే కుర్రవాడు వాటిని తన వేళ్ళకే పొడుచుకుని ఏది ఎంతసేపు పనిచేస్తుందో చూశాడు. 1943లో అలా పుట్టింది లిడొకెయిన్. 1948లో జైలోకెయిన్ అన్న పేరుతో బజారుకు వచ్చింది. పన్ను పీకించుకున్నా, కుట్లు వేయించుకున్నా మనకు పడేది చాలావరకు ఇదే. నాలుక తిమ్మిరెక్కితే అయ్యో అని నీళ్ళు పుక్కిలించి ఊరుకునేవాళ్ళం మనం. వాళ్ళు ఎందుకని అడిగారు. తేడా అంతే.

కాని దీనికీ సూది కావాలి. సూదిపోటు నొప్పి పోగొట్టడానికి ఇంకో సూదా? తలుపు గడియ తీసినవాళ్ళు కూడా స్వీడను వాళ్ళే. లిడొకెయిన్ ఒక పొడి. దాని చెల్లెలు ప్రిలొకెయిన్ ఇంకో పొడి. విడివిడిగా రెండూ గట్టి పలుకులే. రెండూ సమంగా కలిపితే గది వేడికే కరిగి నూనె అవుతాయి! ఆ నూనెను క్రీములో కలిపి, చర్మానికి పట్టించి, పైన గాలి తగలకుండా మూతవేసి గంటసేపు ఉంచితే మెల్లిగా లోపలికి దిగుతుంది. 1980లో ఆ సంగతి వైద్యపత్రికలో వచ్చింది. ఎమ్లా అన్న పేరుతో ఆ దశాబ్దంలో అమ్మకానికి వచ్చింది. రక్తపరీక్షకు సూది చూసి ఏడ్చే పసిపిల్లలకు అది పెద్ద వరం. కోలర్ కప్ప కంట్లో చుక్క వేసినదానికీ, పొడిచర్మం మీద క్రీము పనిచేసినదానికీ మధ్య దాదాపు వంద ఏళ్ళు.

లేజరు సంగతి మరిచిపోలేదు. మొదటి లేజరు 1960లో అమెరికాలో వెలిగింది. చర్మం పైపొరను ఆవిరి చేసే కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో కనిపెట్టినది మన దేశంవాడే, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. చర్మంలో ఎక్కువ భాగం నీరు. ఆ లేజరు కిరణాన్ని నీరు ఇట్టే పీల్చుకుని క్షణంలో ఆవిరైపోతుంది. దానితో పైపొర పోతుంది. 1990 దశకంలో ముడతలకూ గుంటలకూ ముఖమంతా ఇలా చేయడం అమెరికాలో బాగా నడిచింది. ముఖమంతా పొర తీస్తే క్రీము ఒక్కటే చాలదు. కనుబొమ్మ పైన, కంటి కింద, గడ్డం దగ్గర ఎముకలోంచి నరాలు బయటికి వచ్చే చోట్లున్నాయి. అక్కడ సూదివేస్తే నుదురు, బుగ్గ, పెదవి మొద్దుబారతాయి. ఇంకా లోతుగా చేయాలంటే నిద్రమత్తు ఇచ్చేవారు. అందులో మరో ప్రమాదం: ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం, పక్కనే లేజరు. నిప్పు రవ్వ చాలు. అందుకే మత్తు డాక్టరు పక్కనే ఉండి తీరాలి. కంటి దగ్గర చేసేటప్పుడు కనుగుడ్డు మీద చిన్న లోహపు డిప్ప పెడతారు. అది పెట్టేముందు కంట్లో మొద్దుబార్చే చుక్కలు వేస్తారు. ఇప్పుడది కొకెయిన్ కాదు గాని, ఉపాయం మాత్రం కోలర్‌దే.

2004లో కొత్త పద్ధతి వచ్చింది. ముఖమంతా ఒలిచేయకుండా, జల్లెడ చిల్లుల్లా చిన్న చిన్న చుక్కలుగా లేజరు వేస్తారు. మధ్యలో మిగిలిన మంచి చర్మం చుట్టుపక్కలవాటిని త్వరగా మాన్పుతుంది. దీనికి చాలామందికి గంట ముందు క్రీము, వేస్తున్నంతసేపూ చల్లటి గాలి ఊదే గొట్టం సరిపోతాయి. మా పక్కవాటా అమ్మాయికి చెప్పినదీ ఇదే.

అయితే పిల్ల అడిగిన ప్రశ్న ఉందే, ఇంట్లోనే దట్టంగా పట్టించుకోనా అని? దానికి జవాబు 2007లో అమెరికా మందుల శాఖ ఇచ్చిన ఒక హెచ్చరికలో దొరికింది. ఇరవై రెండేళ్ళావిడ ఒకరు, ఇరవై ఐదేళ్ళావిడ ఇంకొకరు. ఇద్దరూ లేజరుతో కాళ్ళ వెంట్రుకలు తీయించుకోవాలనుకున్నారు. చెప్పిన ప్రకారమే మొద్దుబార్చే క్రీము కాళ్ళకు పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టుకున్నారు. ఆ క్రీములో లిడొకెయిన్ లాంటి మందులు చాలా ఎక్కువ పాళ్ళలో కలిసి ఉన్నాయి. తలుపు తెరుచుకుంది. మందు నరాల దగ్గర ఆగకుండా రక్తంలోకి పోయింది. ఇద్దరికీ ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి, చనిపోయారు. కాలి వెంట్రుకలకు! హన్నా గ్రీనర్ గోరు నాకు వెంటనే జ్ఞాపకం వచ్చింది. నూట యాభై ఏళ్ళ తరవాత కూడా చిన్న పనే కదా అనుకున్నచోటనే.

అలాగని క్రీము చెడ్డదని నేననడం లేదు. వైద్యులు చెప్పిన మందు, చెప్పినంత చోట, చెప్పినంతసేపు రాస్తే ఎన్నో లక్షలమందికి మేలు చేసింది. పాళ్ళు ఎక్కువైనా, ఒళ్ళంతా పూసినా, చిట్లిన చర్మం మీద రాసినా, పైన చుట్టి మరిచిపోయినా లెక్క మారిపోతుంది. చెవుల్లో హోరు, పెదవులకూ నాలుకకూ తిమ్మిరి, తల తిరుగుడు మొదలైతే వెంటనే తుడిచేసి డాక్టరుకు చెప్పాలి. కంట్లో పడకూడదు. పసిబిడ్డలకు మన ఇష్టప్రకారం రాయకూడదు, ప్రిలొకెయిన్ వాళ్ళ రక్తానికి పడదు.

ఇవన్నీ చెప్పేసరికి వాళ్ళమ్మ ముఖం పాలిపోయింది. "అయితే అసలు ఆ లేజరే వద్దే" అంది. పిల్ల ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. నొప్పి ఓర్చుకోమనడం, భయపడి మానుకోమనడం, మనకు ఈ రెండే తెలుసా? మూడోది అడగడం. ముగ్గురం కూచుని ఒక కాగితం మీద రాసుకున్నాం: ఏ మందు, ఎంత పాళ్ళు, ఎంత చోట, ఎంతసేపు, రాసేది ఎవరు, రాశాక దగ్గర కూచునేది ఎవరు, తేడా వస్తే చూసుకోవడానికి అక్కడ ఏముంది. మందు మోతాదు ఒంటి బరువును బట్టి ఉంటుంది గనక, పైన పిల్ల బరువు 52 కిలోలు అని రాశాం.

డాక్టరమ్మ విసుక్కుంటుందేమోనని పిల్లకు బెరుకు. తీరా వెళితే ఆవిడ కాగితం తీసుకుని, ఒక్కొక్కదానికి పక్కన జవాబు రాసి ఇచ్చిందట. గంటసేపు అక్కడే కూచోబెట్టి క్రీము రాసి, తుడిచి, ఆ తరవాత లేజరు వేశారు. ఎండుమిర్చి చేత్తో ముఖం తడుముకున్నట్టు చురచురలాడింది గాని, పళ్ళు బిగించుకునేంత కాదని పిల్ల చెప్పింది. వారంపాటు ఎండలోకి వెళ్ళొద్దన్నారు, మన చాయకి మచ్చలు నల్లబడతాయట.

ఇంకా రెండుసార్లు వెళ్ళాలి. ఆ కాగితం వాళ్ళ ఫ్రిజ్ తలుపుకి అతికించి ఉంది. మొన్న మజ్జిగ తోడుకి వెళ్ళినప్పుడు చూశాను. అడుగున వాళ్ళమ్మ చేతిరాతతో ఇంకో వాక్యం చేరింది: "చిన్నప్పుడు పెన్సిలిన్ పడలేదు, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. మరవకుండా చెప్పాలి."